మిస్డ్ కాల్‌కు తిరిగి చేసే సర్వర్: కాల్ కంటే క్యూ కష్టం

జూన్, జూలైల్లో చిత్తూరు జిల్లాలో తోతాపురి కోత ఒక్కసారిగా మీద పడుతుంది. పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. కోసిన కాయ బండి మీదే మెత్తబడితే రేటు తెగిపోతుంది. అందుకే లోడు ఎత్తకముందే ఫోన్ చేసి కనుక్కోవాలని రైతు చూస్తాడు: "ఈ పొద్దు టోకెన్ (లోడు దించే వంతు చీటీ) ఇస్తా ఉండారా, రేపు తేవాల్నా?" అదే గంటలో, అదే నంబరుకు ఇంకో రెండు వందల మంది ఇదే మాట అడగాలని ప్రయత్నిస్తుంటారు. టోకెన్ బల్ల దగ్గర కూర్చునేది ఇద్దరో ముగ్గురో. తిరుపతిలో బ్రహ్మోత్సవాల ముందు, వైకుంఠ ఏకాదశి ముందు లాడ్జీలకూ ట్రావెల్స్ ఆఫీసులకూ ఎదురయ్యేవీ ఇవే తిప్పలు. లైను దొరకనివాడు ఊరుకోడు, పదిసార్లు చేస్తాడు. ఆ పదిసార్లూ ఇంకొకరికి లైను దొరకదు.

దీనికి తెలిసిన మందు కాల్‌బ్యాక్. ఫోన్ చేసినవారి నంబరును సర్వర్ రాసుకుంటుంది. బల్ల దగ్గర మనిషి ఖాళీ అయ్యాక తనే తిరిగి చేసి ఇద్దరినీ కలుపుతుంది. దీనికి కంప్యూటర్‌ను ఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చే ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, టెలికాం కంపెనీ నుంచి ఒక సిప్ ట్రంక్ (డేటా కనెక్షన్ మీద వచ్చే ఫోన్ లైన్ల కట్ట), ఒక మామూలు కంప్యూటర్ చాలు. ఆస్టరిస్క్‌ను 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ రాశాడు. కొనేంత డబ్బు లేక సొంతంగా ఫోన్ ఎక్స్ఛేంజ్ తయారు చేసుకోబోయి అది రాశాడంటారు. పని తెలిసినవారు కాల్‌బ్యాక్‌ను ఒక సాయంత్రంలో నిలబెట్టేస్తారు. అయితే ఇలా నిలబెట్టినవి తీరిక రోజుల్లో చక్కగా మోగుతాయి, రద్దీ రోజున బోల్తా కొడతాయి. రద్దీ కోసమే కదా పెట్టింది! కాల్ ఎలా చేయించాలన్న దాని మీదే బుర్ర అంతా పెట్టి, వరుసను ఎవరు కాయాలన్నది వదిలేయడం వల్ల వచ్చే తంటా ఇది.

పైసల లెక్క మారిపోయింది

కాల్‌బ్యాక్ మొదట డబ్బు మిగుల్చుకునే ఉపాయం. 1990ల్లో అమెరికా నుంచి బయటికి చేసే కాల్ చౌక, బయటి దేశాల నుంచి అమెరికాకు చేసేది బాగా ఖరీదు. ఆ తేడా మీద కొన్ని కంపెనీలు బతికాయి. వాళ్ల నంబరుకు రింగు ఇచ్చి పెట్టేస్తే, అక్కడి యంత్రం తిరిగి చేసి అమెరికా డయల్ టోన్‌ను చెవికి అందించేది. 1994లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీనికి సమ్మతి తెలిపింది. విదేశీ కాల్స్ మీద గుత్తాధిపత్యం నడుస్తున్న దేశాలకు మాత్రం ఇది కంటగింపు. మన దగ్గర విదేశీ కాల్స్ నడిపే వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం 2002 మార్చి దాకా సాగింది.

మన మిస్డ్ కాల్ పుట్టుక వేరు. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమై, చేసినవారే డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. "నువ్వే చెయ్యి" అని చెప్పడానికి ఒక్క రింగు చాలింది. 2010లో బెంగళూరులో మొదలైన జిప్‌డయల్ ఈ అలవాటునే వ్యాపారంగా మలిచింది, 2015లో ట్విటర్ దాన్ని కొనేసింది. టెలికాం కంపెనీలు కూడా మిస్డ్ కాల్ కోసం జుట్లు పట్టుకున్నాయి. 2019లో జియో రింగు వ్యవధిని 20 సెకన్లకు కుదించింది. ఎత్తేలోపే కట్టయ్యే కాల్ మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివారు తిరిగి చేస్తారు, తిరిగి చేసిన నెట్‌వర్క్ నిమిషానికి 6 పైసలు జియోకు కట్టాలి. ఆ పైసల కోసమే ఈ కుదింపు అని పోటీ కంపెనీలు గోల పెట్టాయి. ఆ ఏడాది నవంబరులో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, ఎవరూ ఎత్తని కాల్ మొబైల్‌లో 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌లో 60 సెకన్లు మోగాలని తేల్చింది. 2021 జనవరి 1 నుంచి ఆ 6 పైసలూ సున్నా అయ్యాయి. అప్పటికే చేతిలో అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నవారికి నిమిషాల లెక్కే లేదు.

ఇదంతా పాత కథ అని దాటేయకూడదు, సర్వర్‌ను ఎలా కట్టాలన్నది దీని మీదే తేలుతుంది. కాల్‌బ్యాక్ గురించి పాతకాలపు పాఠాలన్నీ ఒకే మాట చెబుతాయి: కాల్ ఎత్తవద్దు, ఎత్తితే అవతలివారికి ఖర్చు. ఇప్పుడు అవతలివారికి పోయేది డబ్బు కాదు, సమయం. చప్పుడు లేకుండా కట్ చేస్తే రైతుకు ఏమీ అర్థం కాదు. బిజీ అనుకుని మళ్లీ చేస్తాడు, మళ్లీ చేస్తాడు. అదే కాల్ ఎత్తి, "మీ వంతు 14వది, సుమారు పది నిమిషాల్లో మేమే చేస్తాం" అని చెప్పి పెట్టేస్తే అతను ఫోన్ జేబులో పెట్టుకుని కోతకూలీల దగ్గరికి పోతాడు. ఎనిమిది సెకన్ల మాటతో పది వృథా కాల్స్ తగ్గుతాయి. కాల్ ఎత్తకుండానే మాట వినిపించే ఏర్పాటు కూడా ఆస్టరిస్క్‌లో ఉంది, కానీ ప్రతి ట్రంకూ ఆ శబ్దాన్ని అవతలికి దాటనివ్వదు. దాన్ని నమ్ముకోకపోవడం మేలు.

బల్ల దగ్గర ఎవరైనా ఖాళీగా ఉంటే ఈ తతంగమేమీ అక్కర్లేదు, కాల్‌ను నేరుగా కలిపేయడమే. ఖాళీగా కూర్చున్న మనిషిని పెట్టుకుని కాల్ కట్ చేసి తిరిగి చేయడం ఉత్త ఆర్భాటం. పైగా అవతలి ఫోన్ ఇంకా పూర్తిగా పెట్టకముందే సర్వర్ తిరిగి చేస్తే తగిలేది బిజీ టోనే.

ఒక కాల్ వెంట

దామలచెరువు దగ్గర ఒక రైతు తెల్లవారుజామున 5:40కి ఫోన్ చేశాడనుకుందాం. కాల్ సిప్ ట్రంక్ మీదుగా సర్వర్‌కు చేరుతుంది, అతని నంబరు కూడా దాంతోనే వస్తుంది. ఆ నంబరు ఏ రూపంలో వస్తుందన్నది మాత్రం ట్రంక్ ఇచ్చిన కంపెనీ ఇష్టం: ఉత్త పది అంకెలు, ముందు సున్నాతో, 91తో, ప్లస్ 91తో. ఇదే మనిషి రెండు రూపాల్లో వస్తే వరుసలో ఇద్దరవుతాడు. అందుకని మొదటి పని అన్ని రూపాలనూ ఒక్క రూపానికి తేవడం.

చాలామంది ఇక్కడ చివరి పది అంకెలు కత్తిరించుకుని సరిపెట్టేస్తారు. అది ప్రమాదం. విదేశీ నంబరు తోక కూడా పది అంకెలే కాబట్టి, ఊరూ పేరూ తెలియని ఎవరికో ఫోన్ పోతుంది. సరైన దారి ముందు పొడుగు చూడడం: పది అంకెలుంటే సరే, పదకొండుంటే మొదటిది సున్నా కావాలి, పన్నెండుంటే మొదటి రెండూ 91 కావాలి. ఇంకెలా ఉన్నా వరుసలోకి రానివ్వకూడదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి ఆ తనిఖీ కూడా పెడతారు. తిరుపతి ఎస్టీడీ కోడ్ 0877, చిత్తూరుది 08572. సున్నా తీసేస్తే రెండూ 8తోనే మొదలవుతాయి, కనుక ఊళ్లోని ల్యాండ్‌లైన్లు ఆ జల్లెడలో దిగిపోతాయి. వేలూరు వ్యాపారి ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే మాత్రం కోడ్ 0416, అతను బయటే ఆగిపోతాడు. చిత్తూరు మామిడి వ్యాపారంలో వేలూరును వదిలేస్తే కుదరదు కాబట్టి ఆ కోడ్‌ను విడిగా చేర్చాల్సిందే.

రెండో పని, ఈ నంబరు ఇప్పటికే వరుసలో ఉందో లేదో చూడడం. ఆస్టరిస్క్‌లోనే ఒక చిన్న డేటాబేస్ ఉంటుంది, నంబరునూ వచ్చిన సమయాన్నీ అందులో రాసుకోవచ్చు. ఉంటే పాత వంతునే మళ్లీ వినిపించాలి, కొత్తగా చేర్చకూడదు. లేకపోతే ఆత్రంగా అయిదుసార్లు చేసిన మనిషికి అయిదుసార్లు ఫోన్ పోతుంది, అంతసేపూ వెనకవాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

మూడోది తిరిగి కాల్ చేయించడం. దీనికి ఆస్టరిస్క్‌లో అన్నిటికన్నా తేలిక దారి కాల్ ఫైల్. ఎవరికి చేయాలి, ఎత్తాక ఏం జరగాలి అన్నది నాలుగైదు వరుసల్లో రాసిన చిన్న టెక్స్ట్ ఫైల్ అది. అవుట్‌గోయింగ్ అనే ఫోల్డర్‌లో పడగానే ఆస్టరిస్క్ దాన్ని చదివి కాల్ చేస్తుంది. ఫైల్‌ను అక్కడే తెరిచి రాయకూడదు, సగం రాసిందాన్నే అందుకుని చదివేస్తుంది. వేరే ఫోల్డర్‌లో పూర్తిగా రాసి, అదే డిస్క్ విభాగంలో ఉన్న అవుట్‌గోయింగ్‌లోకి జరపాలి. ఇంకో సౌకర్యం కూడా ఉంది: ఫైల్ మీద ఉండే తేదీ, సమయం ముందుకు మారిస్తే ఆ వేళ వచ్చేదాకా ఆస్టరిస్క్ దాన్ని ముట్టుకోదు. ముచ్చటైన ఏర్పాటే. తంటా కూడా దీనితోనే, ఆ సంగతి తర్వాత.

ముందు ఎవరికి మోగాలి?

కాల్‌బ్యాక్‌లో రెండు కాల్స్ ఉంటాయి: ఒకటి బల్ల దగ్గరి మనిషికి, ఒకటి రైతుకు. ముందు ఏది చేయాలన్నది చూడ్డానికి చిన్న ప్రశ్న. సేవ బాగుండడమూ లేకపోవడమూ దీని మీదే నిలుస్తుంది.

రైతుకు ముందు చేస్తే, అతను ఎత్తేసరికి బల్ల దగ్గరి మనిషి ఇంకొకరితో మాట్లాడుతుండవచ్చు. అప్పుడు రైతు చెవిలో పాట మోగుతుంది. ఏ ఎదురుచూపు తప్పిస్తామన్నామో దాన్ని మనమే ఫోన్ చేసి మరీ ఇచ్చినట్టు. వందల మంది ఉద్యోగులున్న కాల్ సెంటర్లలో ఎప్పుడు ఎవరు ఖాళీ అవుతారో సగటు లెక్క కట్టి ముందే కస్టమర్లకు డయల్ చేసే యంత్రాలుంటాయి. ముగ్గురున్న చోట సగటుకు అర్థమే లేదు. ఒక్కరు టీకి లేస్తే మూడో వంతు బలం పోయినట్టే.

కనుక చిన్న ఆఫీసుకు ముందు సొంత మనిషికి మోగించడమే సరి. అతను ఎత్తగానే సర్వర్ రైతు నంబరు చదివి వినిపించాలి, అతను 1 నొక్కాకే రైతుకు డయల్ చేయాలి. ఆ 1 ఎందుకంటే, బల్ల మనిషి ఫోన్ మొబైలే అయితే దాన్ని ఇంట్లో పిల్లవాడు ఎత్తినా సర్వర్‌కు తేడా తెలియదు. పాత అనలాగ్ ల్యాండ్‌లైన్‌ను కార్డుతో సర్వర్‌కు తగిలించినవారికి ఈ 1 ఇంకా అవసరం. అనలాగ్ లైనులో అవతల ఎత్తారన్న సంకేతం మామూలుగా రాదు. డయల్ చేయడం పూర్తవగానే ఆస్టరిస్క్ కాల్ ఎత్తారనే అనుకుంటుంది, ఇంకా మోగుతున్న ఫోన్‌కు పాఠం చదివేస్తుంది. ఎత్తినప్పుడు లైను పోలారిటీ మార్చే సదుపాయం ఎక్స్ఛేంజ్‌లో అడిగి పెట్టించుకుంటే దీనికి విరుగుడు దొరుకుతుంది. సిప్ ట్రంక్‌లో ఈ బెడద లేదు: ఎత్తిన కబురు విడిగా వస్తుంది, "స్విచ్ఛాఫ్ చేయబడింది" లాంటి ప్రకటనలు మామూలుగా ఎత్తిన లెక్కలోకి రావు.

ఈ పద్ధతిలో ఒక లోపం దాగి ఉంది. ఎత్తకపోతే ఎన్నిసార్లు, ఎంత విరామంతో మళ్లీ చేయాలో కాల్ ఫైల్‌లో రాయవచ్చు. ఏమీ రాయకపోతే ఒక్కసారే చేస్తుంది, 45 సెకన్లు చూస్తుంది. మళ్లీ చేయమని చెప్పి విరామం చెప్పకపోతే 300 సెకన్లు ఆగుతుంది. కాల్ కలవడానికి కొన్ని సెకన్లు, ట్రాయ్ చెప్పిన 30 సెకన్ల రింగు, రెండూ కలిపినా 45 మన మొబైల్‌కు సరిపోతాయి. అయితే ఈ మళ్లీ ప్రయత్నాలు మొదటి కాల్‌కే వర్తిస్తాయి. ఇక్కడ మొదటి కాల్ బల్ల మనిషిది. అతను ఎత్తాడంటే కాల్ ఫైల్ పని అయిపోయింది, ఆస్టరిస్క్ దాన్ని తీసేస్తుంది. ఆ తర్వాత రైతు ఎత్తకపోతే ఎవరికీ పట్టదు, అతను వరుసలోంచి మాయమవుతాడు. డయల్ ముగిశాక ఫలితం ఏమిటో డయల్‌ప్లాన్‌లో (కాల్‌ను ఏం చేయాలో ఆస్టరిస్క్‌కు చెప్పే సూచనల ఫైల్‌లో) చూసి, ఎత్తలేదు లేదా బిజీ అని వస్తే మళ్లీ వరుసలో వేయడం సొంతంగా రాసుకోవాల్సిన పని. పరీక్షించేటప్పుడు రెండు ఫోన్లూ చేతిలోనే ఉంటాయి, రెండూ వెంటనే ఎత్తుతారు. అందుకే ఈ లోపం పరీక్షల్లో దొరకదు.

నెట్‌లో దొరికే సిద్ధాన్నం కోడ్‌తో ఇంకో చిక్కు. 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21వ వెర్షన్‌లో పాత సిప్ డ్రైవర్‌నూ మ్యాక్రో అనే అప్లికేషన్‌నూ పూర్తిగా తీసేశారు. కాల్‌బ్యాక్ పాఠాల్లో చాలావరకు ఈ రెండింటి మీదే రాసినవి. ఇప్పుడు వాటి స్థానంలో పీజేసిప్, గోసబ్ వాడాలి.

లైన్ల బేరీజు

రెండు వందల మంది, మనిషికి రెండు నిమిషాలు అనుకుంటే 400 నిమిషాల మాట. ముగ్గురు పంచుకుంటే సుమారు రెండుంపావు గంటలు. అంటే 5:40కి మొదలుపెట్టినా చివరి రైతు వంతు వచ్చేసరికి ఎనిమిది కావస్తుంది. కాల్‌బ్యాక్ ఈ సమయాన్ని ఒక్క నిమిషం కూడా తగ్గించదు, చెవికి ఫోన్ ఆనించుకుని నిలబడే బాధను మాత్రం తప్పిస్తుంది. ఈ తేడా యజమానికి ముందే చెప్పకపోతే సర్వర్ పెట్టినవాడికి మాట పడుతుంది. అడిగే ప్రశ్న ఒకటే అయినప్పుడు, "ఈ రోజు టోకెన్లు అయిపోయాయి" అన్న రికార్డింగ్‌ను వంతు చెప్పే మాటకు ముందే వినిపిస్తే సగం మందికి తిరిగి చేయాల్సిన పనే ఉండదు.

ట్రంక్‌లో ఎనిమిది ఛానెళ్లు, అంటే ఒకేసారి ఎనిమిది కాల్స్ నడిచే వీలు, ఉన్నాయనుకుందాం. బల్ల మనుషుల దగ్గర ఉన్నవి మొబైళ్లే అయితే ఒక్కో కాల్‌బ్యాక్ రెండు ఛానెళ్లు తింటుంది. ముగ్గురికి ఆరు పోగా వచ్చే కాల్స్‌కు మిగిలేవి రెండు. వంతు చెప్పే మాట పది సెకన్లయితే ఆ రెండింటి మీద నిమిషానికి పన్నెండు కాల్స్ దిగుతాయి, ఫర్వాలేదు. సర్వర్ ఆ రెండింటినీ కూడా కాల్‌బ్యాక్‌కే వాడేస్తే కొత్త కాల్స్ అసలు చేరనే చేరవు, చేరనివాటి లెక్క ఎక్కడా నమోదు కాదు. బయటికి వెళ్లే కాల్స్‌కు ఒక హద్దు పెట్టడానికి ఆస్టరిస్క్‌లో గ్రూప్ కౌంట్ అనే సదుపాయం ఉంది, దాన్ని వాడి తీరాలి. బల్ల మీద ఐపీ ఫోన్లు పెడితే బల్ల వైపు కాల్స్ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే తిరుగుతాయి, ట్రంక్ మీద మూడు ఛానెళ్లే పడతాయి. మొబైళ్లు తీసేయడం కొత్త ఛానెళ్లు కొనడం కంటే మెరుగైన బేరం.

తిరుపతి లాడ్జీకి ఇంకో అవసరం ఉంటుంది, భాష. ఫోన్ చేసేవారు తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ఎవరైనా కావచ్చు. నంబరు మొదటి అంకెలను బట్టి రాష్ట్రం కనిపెట్టవచ్చనుకునే రోజులు పోయాయి. 2015 జూలై నుంచి నంబరు మారకుండా దేశంలో ఏ టెలికాం సర్కిల్‌కైనా, అంటే ఏ రాష్ట్రానికైనా పోవచ్చు. కుప్పం వైపు తెలుగువారి చేతుల్లో కర్ణాటక సిమ్ ఉండడమూ వింత కాదు. మొదటిసారి ఏ భాష నొక్కారో నంబరు పక్కన రాసుకుని, తిరిగి చేసేటప్పుడు ఆ భాష వచ్చిన మనిషికే ముందు మోగించడం నమ్మదగిన దారి.

నంబరును నమ్మడం గురించి

వచ్చిన నంబరుకు కళ్లు మూసుకుని తిరిగి చేసే యంత్రం మోసగాళ్లకు బంగారు బాతు. కాలర్ ఐడీని మార్చి చూపడం ఇంటర్నెట్ ఫోన్లలో కష్టమేమీ కాదు. ఖరీదైన విదేశీ నంబరును చూపిస్తూ రాత్రంతా మిస్డ్ కాల్స్ ఇస్తే, సర్వర్ తెల్లవార్లూ ఆ నంబరుకు చేస్తూ బిల్లు పెంచుతుంది. పొడుగు తనిఖీ దీనికి మొదటి అడ్డు. ట్రంక్ ఇచ్చిన కంపెనీ దగ్గరే ఐఎస్‌డీ మూయించడం రెండోది, అసలైనది. ఒక నంబరుకు రోజుకు ఇన్నిసార్లే అన్న హద్దు, ఆఫీసు వేళల బయట కాల్‌బ్యాక్ ఆపడం కూడా ఉండాలి. సర్వర్‌ను బయటి ప్రోగ్రామ్‌తో నడిపించే 5038 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడమంటే తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

చట్టం సంగతి వేరు. తన ఆఫీసుకు వచ్చిన కాల్‌కు తనే తిరిగి చేయడం ఆఫీసు పని. తిరిగి చేసి, డయల్ టోన్ ఇచ్చి, మూడో నంబరుకు మాట్లాడుకోనిస్తే అది టెలిఫోన్ సేవ అమ్మడం అవుతుంది. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా రెండు కోట్ల దాకా జరిమానా, లేకపోతే రెండూ. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. గల్ఫ్‌లో ఉన్న బంధువుల కోసం చౌకగా కలిపిస్తామంటూ సిమ్ బాక్సులు (విదేశీ కాల్‌ను లోకల్ కాల్‌గా మార్చే యంత్రాలు) పెట్టినవారు చిక్కుకునేది ఇలాంటి నిబంధనల కిందే. టోకెన్ అడగడానికి ఫోన్ చేసిన రైతు నంబరుకు ఆ తర్వాత ఎరువుల ప్రకటనలు వినిపించడం కూడా తగదు. అది 2018 నాటి ట్రాయ్ నిబంధనల్లోని వాణిజ్య కాల్స్ కిందికి వస్తుంది. టోకెన్ అడిగినంత మాత్రాన ప్రకటనలకు ఒప్పుకున్నట్టు కాదు.

కరెంటు పోయి వచ్చాక

ఇప్పుడు కాల్ ఫైల్ తంటా. చాలామంది వరుసను ఆ ఫోల్డర్‌కే వదిలేస్తారు: వచ్చిన ప్రతి నంబరుకూ ఒక ఫైల్, ఒక్కోదానికి రెండు నిమిషాల ఎడంతో ముందుకు వేసిన సమయం. కాగితం మీద చక్కగా ఉంటుంది. మే, జూన్లలో గాలివాన వస్తుంది, కరెంటు పోతుంది, యూపీఎస్ అరగంటకు చేతులెత్తేస్తుంది. గంట తర్వాత సర్వర్ లేచేసరికి ఫోల్డర్‌లో ముప్పై ఫైళ్లున్నాయనుకుందాం, అన్నిటి సమయమూ దాటిపోయి ఉంటుంది. ఆస్టరిస్క్ ముప్పైనీ ఒక్కసారే ఎత్తుకుంటుంది. ముగ్గురి ఫోన్లకూ ముప్పై కాల్స్ పోతాయి, మూడు తగులుతాయి, మిగతావి విఫలమవుతాయి. మళ్లీ చేయమని రాసి ఉంటే 300 సెకన్ల తర్వాత ఆ ఇరవై ఏడూ మళ్లీ ఒకే క్షణంలో లేస్తాయి. రాయకపోతే ఇరవై ఏడుగురు రైతులు వరుసలోంచి పోయినట్టే, పోయారని బల్ల దగ్గర ఎవరికీ తెలియదు.

అందుకని వరుస డేటాబేస్‌లో ఉండాలి. కొన్ని సెకన్లకోసారి తిరిగే ఒక చిన్న ప్రోగ్రామ్, ఖాళీగా ఉన్న మనుషులెందరో, మిగిలిన ఛానెళ్లెన్నో చూసి, వాటికి సరిపడా ఫైళ్లే ఫోల్డర్‌లో వేయాలి. సర్వర్ లేచినప్పుడు ఆస్టరిస్క్ మొదలుకాకముందే ఫోల్డర్ ఖాళీ చేయాలి. డేటాబేస్‌లో గంట దాటినవారికి నేరుగా ఫోన్ చేయకుండా వారి పట్టికను బల్ల మీదికి ఇవ్వాలి. అప్పటికి కొందరు బండి కట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వచ్చేసి ఉంటారు, ఎవరెవరన్నది బల్ల దగ్గరి మనిషికే తెలుస్తుంది.